తలుపు సందులో చెయ్యి

పోయిన వారం కథ విమానాశ్రయంలోని పోలీసు ఔట్‌పోస్టు మెట్ల దగ్గర ఆగింది. కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. విమానం కంపెనీలో గేటు దగ్గర పనిచేసే ఒక బావమరిదికీ, పరాయి దేశంలో పనికి తిరిగి పోతూ ఆఖరి నిమిషంలో పరుగెత్తుకొచ్చిన క్రేను ఆపరేటరుకూ గొడవైంది. గాజు తలుపులో పడి ప్రయాణికుడి కుడిచేతి వేళ్లు నలిగాయి. గేటువాడి పెదవి చిట్లింది. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే తగువు. విమానం మాత్రం ఇద్దరినీ వదిలేసి తన దారిన తాను పోయింది. బావమరిదికి స్వయానా బావా, ఆ షిఫ్టుకు ఇన్‌చార్జీ అయిన పెద్దాయన కోసం ఎస్సై కబురు పంపాడు. ఆయన మెట్లెక్కుతుండగా ఆపాం.

ఎక్కాడు. ఎక్కడానికి ఆయనకు ఉత్సాహమేమీ లేదు. మోకాళ్లకు అసలే లేదు.

గదిలో కుర్చీలు మూడు. ఒకదాంట్లో ఎస్సై, ఒకదాంట్లో బావమరిది. మూడోదాన్ని పెద్దాయన కోసం గుడ్డతో తుడిచి మరీ ఉంచారు. మూల బల్ల దగ్గర స్టూలు మీద రైటర్ కూర్చుని రాస్తున్నాడు. క్రేను ఆపరేటరు ఇనుప బీరువా పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కుడిచేతికి జేబురుమాలు చుట్టి ఉంది. ఆ చేతిని ఎడమచేత్తో, ఎవరిదో పసిబిడ్డను మోస్తున్నట్టు మోస్తున్నాడు. బావమరిది మాత్రం మూతికి ఇంత దూది ముద్ద అదుముకుని కూర్చున్నాడు. పెదవి మీద గీతకు అంత దూది. నాలుగు వేళ్లకు ఒక జేబురుమాలు. ఆ గదిలో ఎవరు ఎవరో తెలుసుకోవడానికి అది చాలు.

"రండి పెద్దాయనా, రండి. మీరొస్తేగానీ ఈ పంచాయితీ తెగేలా లేదు," అన్నాడు ఎస్సై. "కాఫీ చెప్పనా?"

"వద్దండీ."

"మీ బావమరిది తాగాడులెండి. పాపం, పెదవి మంటగా ఉన్నా తాగాడు."

"డాక్టరు చూశాడా?"

"చూడకపోవడమేంటి! మూడు రోజుల్లో మానిపోతుందన్నాడు."

"నేనడిగింది పెదవి గురించి కాదు."

ఎస్సై గోడ వైపు చూశాడు, అక్కడొక మనిషి ఉన్నాడని అప్పుడే గుర్తొచ్చినట్టు. "వాడి సంగతా? రాతకోతలు కానివ్వండి, పంపిద్దాం. వేళ్లు ఎక్కడికి పోతాయి?"

రైటర్ నవ్వాడు. ఎస్సై హాస్యమాడినప్పుడు నవ్వడం అతని ఉద్యోగంలో ఒక భాగం. జీతం దానికీ కలిపే ఇస్తారు.

పెద్దాయన కూర్చున్నాడు. ఆయనకు ఇంటి దగ్గర ఒక పేరుంది గానీ, భార్య పోయాక దాంతో పిలిచేవాళ్లు లేరు. ఇక్కడ అందరికీ పెద్దాయనే. ఆవిడ పోయాక ఇంట్లో మిగిలింది ఆయనా, ఆవిడ తమ్ముడూ. పొయ్యి ఒకటే, గిన్నెలు వేరు. ఒకడు వండుకున్నాక ఇంకొకడు వండుకుంటాడు. వాడు బావా అంటే ఈయన ఏంటి అంటాడు, ఏంటి అంటే వాడు ఏం లేదు అంటాడు. రోజుకు అంతకు మించి మాటల్లేవు. ఈ ఉద్యోగం వేయించింది మాత్రం పెద్దాయనే. అక్క పెంచిన తమ్ముణ్ణి వీధిలో వదిలేయలేక వేయించాడు తప్ప, ప్రేమ పొంగి పొర్లి కాదు.

ఎస్సై ఒక కాగితం ముందుకు తోశాడు. "చదవనవసరం లేదు, కింద సాక్షి అని ఉంది చూడండి, అక్కడ."

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగి మీద ప్రయాణికుడు తాగిన మైకంలో దాడి చేశాడట. మూసి ఉన్న తలుపును బలవంతంగా తెరవబోయి తనంతట తానే గాయపడ్డాడట. చక్కటి చేతిరాత. రైటర్ ఎక్కడా కొట్టివేతలు లేకుండా రాశాడు. జరిగింది రాసేటప్పుడే కొట్టివేతలు పడతాయి.

"ఇతను తాగాడా?"

"తాగలేదండీ," అన్నాడు గోడ దగ్గరి మనిషి.

"నిన్నడిగారా?" అని ఎస్సై అటు తిరగకుండానే కసిరాడు.

"వాసన రావట్లేదు," అన్నాడు పెద్దాయన.

"వాసన రాని సరుకు బోలెడుంది. మీకు అలవాటు లేదు కాబట్టి తెలీదు."

రైటర్ మళ్లీ నవ్వాడు.

"ముందు చెయ్యి చేసుకుంది ఎవరంట?"

"వీడే. ఇంకెవరు? మీవాడు చెప్పాడుగా."

"కెమెరా?"

"కెమెరా మీ కౌంటరు వైపు చూస్తుంది. తలుపు దానికి కనపడదు. మీ గేటు, మీకు తెలీదా?"

"అయితే ఇతను ఏమంటున్నాడు?"

ఎస్సైకి ఈ ప్రశ్న నచ్చలేదు. ఆపరేటరును చెప్పుల నుంచి తల దాకా ఒకసారి కొలిచాడు. అరిగిన చెప్పులు, మాసిన చొక్కా, భుజాన తాడుతో కట్టిన సంచీ. "వీడేమంటే మనకెందుకండీ? మీరూ యూనిఫాం, మేమూ యూనిఫాం. ఆలస్యంగా వచ్చిన ప్రతివాడూ మన మీద చెయ్యి లేపితే రేపు ఉద్యోగం చేసేదెట్లా? అయినా మొన్న మా అమ్మను మీవాళ్లు చక్రాల కుర్చీలో పువ్వుల్లో పెట్టి తీసుకెళ్లి ఎక్కించారు. అది నేను మర్చిపోయే మనిషినా?"

మర్చిపోయే మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు.

పెద్దాయన గోడ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బాబూ. ఏం జరిగింది?"

ఆపరేటరు ఎస్సై మొహం చూసి, పెద్దాయన మొహం చూసి, నేలను చూస్తూ చెప్పాడు. "తలుపు మూస్తున్నారండీ. ఆగండాగండి అంటూ సందులో చెయ్యి పెట్టా. సారు లాగారు. చెయ్యుంది సార్ అన్నా. ఇంకా లాగారు. అప్పుడు ఎడమచేత్తో కొట్టా. కొట్టానండీ, కొట్టలేదనను. నొప్పికి కొట్టా."

"అబద్ధం బావా!" బావమరిది మూతి మీంచి దూది తీశాడు. "వీడి చెయ్యి నేను చూడనే లేదు. చూస్తే లాగుతానా? నేనేమన్నా రాక్షసుణ్ణా?"

పెద్దాయన కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇక చదవాల్సింది లేదు.

ఇక్కడ గేటు దగ్గరి పనివాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రయాణికుడి గొంతు లేచినప్పుడు వాళ్లు సాయం కోసం కేకెయ్యరు. కేకేస్తే అవతలివాడు ఇంకా రెచ్చిపోతాడు. నడుముకున్న వాకీటాకీ బటన్‌ను చల్లగా నొక్కుతారు, అంతే. ఇక్కడి గొడవ ఆ సెట్లున్న అందరికీ వినపడుతుంది. దగ్గర్లో ఉన్నవాడు వచ్చి నిలబడతాడు. ఏ శిక్షణలోనూ ఈ సంగతి చెప్పరు. పాతవాళ్లు కొత్తవాళ్లకు చెవిలో చెబుతారు. నొక్కి, రెండు మాటలు వినిపించి, వదిలేయాలి. వదలకపోతే అవతలివాడి మాటలే కాదు, మన మాటలూ ఊరంతా వింటుంది.

బావమరిది ఆవేళ నొక్కాడు. వదలడం మర్చిపోయాడు.

పెద్దాయన అప్పుడు పక్క గేటు దగ్గర గోడకు వీపు ఆనించి, చల్లారిన టీ గుక్క వేస్తున్నాడు. నడుము దగ్గర సెట్టు గరగరమంది. "చెయ్యుంది సార్! తలుపులో చెయ్యుంది సార్!" అని ఒక కొత్త గొంతు. ఆ వెంటనే పాత గొంతు. ఏళ్ల తరబడి వంటింటి అవతల నుంచి వింటున్న గొంతు. అది అరవలేదు, తిట్టలేదు. తాపీగా ఒక్క మాట అంది.

"ఉండనీ."

ఆ తర్వాత కేక. ఆ తర్వాతే చెంపదెబ్బ.

టీ పారబోసి పరుగెత్తాడు. పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. దారిలో ఎదురైన బస్సు డ్రైవరు తల తిప్పుకున్నాడు. చక్రాల కుర్చీలు తోసే అమ్మాయి అడగకుండానే, "నా సెట్లో చార్జింగ్ లేదు పెద్దాయనా," అంది. సామాన్ల బెల్టు దగ్గరివాడి సెట్టు కూడా సరిగ్గా అప్పుడే పాడైంది. ఒక్క మాటకు అన్ని సెట్లు ఒకేసారి మూగబోవడం ఆయన తన సర్వీసులో చూడలేదు.

"నువ్వు బటన్ వదల్లేదురా," అన్నాడు పెద్దాయన ఇప్పుడు.

బావమరిది చెయ్యి దానంతటదే నడుము దగ్గరికి పోయింది. సెట్టు అక్కడ లేదు. గొడవలో ఊడిపోయింది. చెయ్యి అక్కడే కాసేపు తడుముకుంది.

"ఏ బటన్?" అన్నాడు ఎస్సై.

పెద్దాయన చెప్పాడు. పద్ధతి చెప్పాడు, విన్నది చెప్పాడు, ఆ ఒక్క మాటా చెప్పాడు. ఎక్కువ చెప్పలేదు, తక్కువా చెప్పలేదు. రైటర్ కలం ఆపాడు. గోడ దగ్గరి మనిషి తలెత్తాడు. తన కేక ఇంకెవరో విన్నారన్న సంగతి అతనికి అప్పుడే తెలిసింది.

ఎస్సై ఒక్క క్షణం ఆలోచించాడు. "అది రికార్డవుతుందా?"

"అవ్వదు."

"హమ్మయ్య. మరింకేం!" కుర్చీలో వెనక్కి వాలాడు. "విన్నవాళ్లు వచ్చి చెబుతారా?"

పెద్దాయనకు బస్సు డ్రైవరు తిప్పుకున్న తల గుర్తొచ్చింది.

"మీరు చెబుతారా, సొంత బావమరిది మీద?"

"చెబుతున్నాగా. ఇప్పటిదాకా చెప్పింది ఏంటి?"

"బావా," బావమరిది లేచి నిలబడ్డాడు. "ఒక్క నిమిషం బయటికి రా."

"ఏదైనా ఇక్కడే చెప్పు."

"అక్క ఉంటే నువ్విట్లా చేసేవాడివా?"

"మీ అక్కను ఈ గదిలోకి లాక్కురాకు. పోయి సుఖపడింది."

"నోరు జారింది బావా! అన్నానని నాకే తెలీదు. నువ్వు చెబితే ఇప్పుడు తెలుస్తోంది. పొద్దున్నుంచి ఎంతమంది చేత తిట్లు తిన్నానో తెలుసా నీకు? ఒకావిడ బోర్డింగ్ పాస్ మొహాన కొట్టింది. ఒకడు నా పుట్టుక గురించి అడిగాడు, తన పెళ్లాం పిల్లల ముందు, నవ్వుతూ అడిగాడు. అందరికీ సారీ అన్నా. సార్ అన్నా, మేడమ్ అన్నా. అన్నీ మింగా. చివర్న వీడొచ్చాడు…"

"చివర్న వచ్చినవాడు నిన్ను తిట్టాడా?"

బావమరిది దూది మళ్లీ మూతికి అదుముకున్నాడు.

"నేను తిట్టలేదండీ," అన్నాడు ఆపరేటరు, ఎవరో తన మీద వేసిన మరకను తుడుచుకుంటున్నట్టు. "బతిమాలా."

పెద్దాయనకు తెలుసు. గేటు దగ్గర ఆయన జుట్టు నెరిసింది. తిట్లు ఎక్కడ దిగుతాయో, సాయంత్రానికి ఎంత బరువెక్కుతాయో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. తిట్టినవాడి మీద పోని కోపం, తిట్టలేని వాడి మీదకే పోతుందని కూడా తెలుసు. తెలిసినంత మాత్రాన జాలి కలగాలని లేదు. కలగలేదు.

"అలిసిపోవడం అందరికీ ఉందిరా. తలుపు లాగడం నీ ఒక్కడికే వచ్చింది. కూర్చో."

కూర్చున్నాడు.

ఎస్సై ఇదంతా ఓపిగ్గా విన్నాడు. చెడ్డవాడని మొహం చూసి ఎవరూ అనలేరు. ఇంటికి త్వరగా వెళ్లాలనుకునే మనిషి మొహం. సొరుగులోంచి రెండో కాగితం తీశాడు. అది కూడా ముందే రాసి పెట్టి ఉంది.

"ఏరా, నీకేం కావాలి? కేసా, విమానమా?" అని ఆపరేటరును అడిగాడు.

"విమానమండీ." ఆలోచించకుండా వచ్చింది మాట.

"విన్నారా పెద్దాయనా? నా చెయ్యి పొరపాటున నేనే తలుపులో పెట్టుకున్నాను, నేను పూర్తి ఆరోగ్యంతో ఉన్నాను, నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఇంతే. వీడు దీని మీద సంతకం పెడితే, ఇందాకటి కాగితం నేను చించేస్తాను. రేపటి విమానంలో సీటు మీవాళ్లు ఇస్తారు. వీడు బాగు, మీవాడు బాగు, నేను ఇంటికి పోతాను. మధ్యలో మీకేంటి బాధ?"

ఆపరేటరు గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. "పెద్దాయనా, మీరు మంచివారు. కానీ ఇంక మాట్లాడకండి. మీకు దండం పెడతా." దండం పెట్టబోయాడు. ఎడమచెయ్యి లేచింది. రెండోది వచ్చి దాంతో కలవలేదు. "కేసంటే పాస్‌పోర్టు ఇక్కడే ఉండిపోతుందంట. సెలవు అయిపోయిందండీ. నేను పోకపోతే నా క్రేను మీద ఇంకొకణ్ణి కూర్చోబెడతారు. కూర్చున్నవాడు దిగడు. నేనూ అట్లా ఇంకొకడి చోట కూర్చునే దిగలేదు, నాకు తెలుసు."

పెద్దాయనకు ఒక్కసారిగా నీరసం ముంచుకొచ్చింది. ఇంటి మనిషిని కాదని నిజం మోసుకొచ్చాడు. దించుకునేవాడు లేడు. ఎవరి కోసం తెచ్చాడో వాడే దండం పెట్టి, వెనక్కి పట్టుకెళ్లమంటున్నాడు. లేచి వెళ్లిపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. బావమరిది అయితే జన్మంతా రుణపడి ఉంటాడు, ఒకే పొయ్యి మీద ఇద్దరికీ వండినా వండుతాడు.

లేవబోయి, ఆగాడు.

"క్రేను ఏ చేత్తో నడుపుతావు?"

"రెండు చేతుల్తోనండీ. ఎడమచేత్తో తిప్పడం. కుడిచేత్తో బరువు లేపడం, దించడం."

"ఆ రుమాలు విప్పు."

"పెద్దాయనా," అన్నాడు ఎస్సై.

"విప్పమంటున్నా."

ఆపరేటరు విప్పాడు. రుమాలు చివర్న కొంచెం అతుక్కుంది, లాగాడు. బావమరిది కిటికీ వైపు తిరిగాడు. వేళ్లు నాలుగూ ఉబ్బి నేరేడు రంగుకు తిరిగాయి. రెండు వేళ్లు పక్కకు ఒరిగి ఉన్నాయి, ఇంకెవరివో తెచ్చి పెట్టినట్టు.

"కదుపు."

ఆపరేటరు తన వేళ్ల వైపు చూశాడు. బొటనవేలు కదిలింది. మిగతా నాలుగూ మాట వినలేదు. మళ్లీ ప్రయత్నించాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"నొప్పి తగ్గిందండీ," అన్నాడు ఆశగా. "ఇందాకటి మీద నొప్పి అస్సలు లేదు."

"నా భయం అదే," అన్నాడు పెద్దాయన. "చూడు బాబూ. పూర్తి ఆరోగ్యంతో ఉన్నానని రాశారు అందులో. సంతకం పెడతావు, అక్కడికి వెళ్తావు. క్రేను ఎక్కమంటారు. ఎక్కుతావు. బరువు లేపే లివరు ఎవరు పడతారు? ఒకరోజు చూస్తారు, రెండు రోజులు చూస్తారు, పంపించేస్తారు. తిరిగొచ్చి ఎవర్ని అడుగుతావు? ఇదిగో ఈ కాగితమే తీసి నీకు చూపిస్తారు. నీ చెయ్యి నువ్వే పెట్టుకున్నావని నువ్వే రాశావు."

"చాలు," అన్నాడు ఎస్సై. ఈసారి గొంతులో కాఫీ మర్యాద లేదు. "ఏయ్, సంతకం పెడతావా, పెట్టవా?"

రైటర్ కలం అందించాడు. కుడిచేతికి అందించాడు, అలవాటు చొప్పున. ఆపరేటరు ఆ కలాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"సరే, వేలిముద్ర వేయించు," అన్నాడు ఎస్సై.

సిరా డబ్బా వచ్చింది. రైటర్ అతని ఎడమ బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దాడు. కాగితం దగ్గరికి తెచ్చాడు. ఆపరేటరు వేలు బిగబట్టాడు.

"ఇవి మళ్లీ పనిచేస్తాయాండీ?" గదిలో ఇంకెవర్నీ అడగలేదు, పెద్దాయననే అడిగాడు.

చేస్తాయంటే ముద్ర పడుతుంది. అందరూ ఇంటికి పోతారు. ఎస్సై, రైటర్, బావమరిది ముగ్గురూ ఆ ఒక్క మాట కోసం ఆయన నోటి వైపే చూస్తున్నారు.

"నేను డాక్టర్ని కాను. చేస్తాయని చెప్పలేను, చెయ్యవనీ చెప్పలేను. కానీ అది నా చెయ్యే అయితే, ఆ ముద్ర వెయ్యను."

ఆపరేటరు కాగితాన్ని చూశాడు, తన కుడిచేతిని చూశాడు. తర్వాత రైటర్ పట్టులోంచి తన వేలు విడిపించుకున్నాడు. గట్టిగా కాదు, చిన్నగా.

"నా ఫిర్యాదు రాసుకోండి సార్," అన్నాడు.

ఎస్సై అరుస్తాడనుకున్నారు అందరూ. అరవలేదు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. నుదురు తుడుచుకున్నాడు. బావమరిది వైపు తిరిగి, ఊరి కబుర్లు అడిగినట్టు అడిగాడు.

"తమ్ముడూ, తలుపు మీరే ఎప్పుడంటే అప్పుడు మూసేస్తారా, ఎవరైనా చెప్పాలా?"

బావమరిదికి వెంటనే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమైన క్షణం అతని మొహంలో కనపడింది. పెద్దాయన దాన్ని చూశాడు.

"ఇన్‌చార్జి చెప్పాలండీ. ఆయన మూసెయ్ అంటేనే మూస్తాం."

"ఇన్‌చార్జి ఎవరు?"

"మా బావ."

"మూయమన్నాడా?"

"అన్నాడు సార్."

అన్నాడు. అది నిజమే. ప్రతి విమానానికీ అంటాడు.

"ఒక ప్రయాణికుడు పరుగెత్తుకొస్తున్నాడని ఆయనకు చెప్పారా?"

బావమరిది నాలుకతో పెదవి మీద గాటు తడిమాడు.

"చెప్పాను సార్. వస్తున్నాడు, ఆగమంటావా అని అడిగాను. ఎవడున్నా సరే మూసెయ్యమన్నాడు."

పెద్దాయన అతని వైపు తిరిగాడు. అబద్ధం అనలేదు. ఆ మాట అనడానికి కూడా ఎదుటివాడు తన కళ్లలోకి చూడాలి. బావమరిది చూడలేదు.

"కొత్త కాగితం తియ్యి," అన్నాడు ఎస్సై రైటర్‌తో. ఆ తర్వాత పెద్దాయనతో, అదే గొంతుతో, "లే. బెల్టు తీసి బల్ల మీద పెట్టు. సెల్లు పెట్టు. బూట్లు విప్పు."

మీరు అన్న నోరు నువ్వు అనడానికి ఎంతోసేపు పట్టలేదు.

"మరి నా ఫిర్యాదండీ?" అన్నాడు ఆపరేటరు, ఏమీ అర్థం కాక.

"నీ ఫిర్యాదే రాస్తున్నాం. నువ్వే కదా రాయమన్నావు? తలుపు వేయించింది ఈయన. ముద్దాయి ఈయన. గేటువాడు చెప్పిన పని చేశాడు, అంతే." రైటర్ కలం అప్పుడే రెండో వరుసలో ఉంది. "దీని మీద ముద్ర వేస్తే ఇప్పుడే జీపులో ఆసుపత్రికి పంపిస్తా. పాస్‌పోర్టు ఈ పూటే నీ చేతిలో పెడతా. డాక్టరు సరేనంటే రేపే విమానం. వెయ్యకపోతే, ఇదిగో, తాగొచ్చి దాడి చేశావన్న కాగితం ఇక్కడే ఉంది."

పెద్దాయన వంగి ఒక బూటు లేసు విప్పాడు. రెండోది ముడిపడి ఉంది, రాలేదు. దాంతో కుస్తీ పడుతూ ఉండిపోయాడు.

ఆపరేటరు ఎడమచెయ్యి కాగితం మీదకు వచ్చి, గాల్లో ఆగింది. అతను ఎస్సైని చూడలేదు, కాగితాన్ని చూడలేదు. వంగి ఉన్న ఆ నెరిసిన తలనే చూస్తున్నాడు.

"పెద్దాయనా," అన్నాడు. "ఇప్పుడేం చెయ్యమంటారు?"